నోరు మూసుకుని చూడాలా?

“నాటకం బాగుంది, ప్రేక్షకులే బాగోలేదు.”

ఈ మాట ఈ మధ్య ఎక్కడ పడితే అక్కడ వినబడుతోంది. రవీంద్రభారతి బయట టీ తాగుతూ ఒకరంటారు. చూసొచ్చిన రాత్రే ఫేస్‌బుక్కులో మూడు పేరాలు రాసి ఇంకొకరంటారు. పాట మధ్యలో ఈలలు వేశారట. పద్యం పూర్తికాకముందే చప్పట్లు కొట్టారట. పిల్లలు ఏడ్చారట. ఫోన్లు మోగాయట. ఫోన్ల విషయంలో నాకు పేచీ లేదు, ఎవరిది మోగితే వాళ్లను బయటికి పంపండి. మిగతా ఫిర్యాదుల మీదే నా ఫిర్యాదు.

ఆ మధ్య సిటీలో ఒక కొత్త పాటల నాటకానికి పోయాను. పేరు అనవసరం, ఎందుకంటే ఇది ఏ ఒక్క బృందం జబ్బూ కాదు. డప్పు, గజ్జెలు, గొంగడి, మంచి గొంతులు, కష్టపడి రిహార్సల్స్ చేసిన పిల్లలు. రెండో అంకంలో ఒగ్గు బాణీ ఎత్తుకున్నారు. నా వెనక వరసలో ఒక పెద్దాయన దానికి వంత అందుకున్నాడు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అర నిమిషంలో వాలంటీరు టార్చిలైటు వేసుకుంటూ వచ్చి “సార్, ప్లీజ్ మెయింటెయిన్ సైలెన్స్” అన్నాడు. వేదిక మీద నలుగురు చేస్తున్న పని కూడా సరిగ్గా అదే, వంత పాడటం. వాళ్లది కళ అయింది, ఈయనది డిస్టర్బెన్స్ అయింది. ఆ తర్వాత ఆయన చివరిదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చప్పట్లు కూడా కొట్టలేదు.

పాట ఆయన ఊరిది. బాణీ ఆయన తాతలది. వాటిని తెచ్చుకున్నాం, ఆయన గొంతును మాత్రం గేటు దగ్గరే వదిలి రమ్మన్నాం. ప్రేక్షకుల “క్రమశిక్షణ” గురించి మాట్లాడే మిత్రులు ముందు దీనికి జవాబు చెప్పాలి.

మాది ఎల్లారెడ్డి దగ్గర ఊరు. కామారెడ్డిలో రైలు దిగి తాడ్వాయి, లింగంపేట మీదుగా సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోవాలి. రైలూ హైవే కామారెడ్డికి దక్కాయి. మాకు దక్కింది ఆ బస్సు, పక్కన నిజాంసాగర్ నీళ్లు. నేను మొదట ప్రేక్షకుణ్ణయింది అక్కడే, చిందోళ్ల ఆటలో. గమనించండి, మా దిక్కు దాన్ని ‘నాటకం’ అనరు, ‘ఆట’ అంటారు. ఆటను ఒక్కరే ఆడలేరు.

పది దాటినంక మొదలయ్యేది. అంతకుముందు గంటన్నర సేపు బడి అరుగు మీద మొహాలకు అర్దళం పూసుకోవడం, కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు కట్టుకోవడం. పిల్లలమంతా అక్కడే. రాజు ఎవరో, రాణి వేసేది ఎవరో, ఆ రాణి బీడీ తాగుతుందో లేదో మాకు ముందే తెలుసు. ఏ రహస్యమూ లేదు. అయినా మద్దెల మోగి తెర పట్టుకోగానే ఆ బీడీ రాణి నిజం రాణి అయిపోయేది. అది ఎట్లా జరిగేదో ఇప్పటికీ నాకు వింతే.

సారంగధర ఆడిన రాత్రి బాగా గుర్తు. చిత్రాంగి అబద్ధం చెప్పి సవతి కొడుకు మీద నింద వేసే చోట, ముందు కూర్చున్న ఒక ముసలవ్వ లేచి నిలబడి “నీ జిమ్మడిపోను, నీ నోట్ల మన్ను వడ” అని తిట్ల దండకం అందుకుంది. ఆట ఆగింది. చిత్రాంగి వేషగాడు పాత్ర వదలకుండానే ఆమె వైపు తిరిగి, “అవ్వా, నీకు ముసలి మొగున్ని గట్టి, పడుసు పోరని బొమ్మ జూపిస్తే నువ్వేం జేస్తుంటివో జెప్పు” అన్నాడు. ఆడోళ్లంతా ఘొల్లుమన్నారు. అవ్వ ఊరుకోలేదు, ఇంకో మాటంది. ఆయన ఇంకోటన్నాడు. ఐదు నిమిషాల పాటు ఏ గ్రంథంలోనూ లేని వాదన ఒకటి నడిచింది. పెళ్లిలో ఆ పిల్లకు జరిగిన మోసం గురించి మా ఊళ్లో నేను బహిరంగంగా విన్న మొదటి చర్చ అది. తర్వాత మద్దెల మీద ఒక దెబ్బ పడింది, కథ మళ్లీ దారిలో పడింది. సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికే చోట అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ అవ్వే.

ఇప్పుడు ఆమెను ఏ వరసలో కూర్చోబెడదాం? టార్చిలైటుతో ఎవరిని పంపుదాం?

నిద్రపోయేవాళ్లూ ఉండేవాళ్లు. మధ్యలో లేచి “ఏడిదాంక అచ్చింది?” అని పక్కవాణ్ణి అడిగేవాళ్లు, పక్కవాడు చెప్పేవాడు, కొంచెం తన సొంతం కూడా కలిపి. చదివింపులు ఉండేవి. ఎవరో పది రూపాయలిస్తే హాస్యగాడు ఆట ఆపి పేరు చదివి, ఇంటిపేరుతో సహా పొగిడి, ఒక దరువు వేయించేవాడు. నా సిటీ మిత్రుడొకడు ఇది విని మొహం చిట్లించాడు. “యుద్ధం సీన్ మధ్యలో డబ్బులు చదవడమేంటి?” అని. నిజమే, యుద్ధం ఆగేది. కానీ ఆ రాత్రి వాళ్ల కూలి అదే. టికెట్టు డబ్బు నాటకానికి ముందే కౌంటర్లో కడతాం కాబట్టి మన మర్యాదకు భంగం రాదు. వాళ్లకు డబ్బు ఆట నడుస్తుండగా రావాలి, ఆట బాగుంటేనే వస్తుంది. పాట నచ్చితే పది, ఇంకా నచ్చితే ఇరవై, నచ్చకపోతే జనం మెల్లగా ఇంటి దారి పడతారు. మన సమీక్షల కంటే నిక్కచ్చి అయిన సమీక్ష.

దీన్ని పల్లెటూరి అమాయకత్వం అని ముద్దు చేసేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. అది అమాయకత్వం కాదు, అధికారం. ఆటను మార్చగలిగే అధికారం. తెలుగు నాటకానికి ఆ అధికారం ఏం చేసిపెట్టిందో చెబుతాను.

పద్యనాటకంలో “వన్స్ మోర్” అంటే చదువుకున్నవాళ్లకు ఎప్పుడూ వెటకారమే. చచ్చిపోయిన పాత్ర లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చేదని జోకులు. సరే, నవ్వుకుందాం. కానీ బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయంలో కాటి సీను తీసుకోండి. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ఆ సీనులో జనం ఎదురుచూసేవి గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు. అవి బలిజేపల్లి రాసినవి కావు. జాషువా విడిగా రాసుకున్న కవితా ఖండిక అది. నటులు తెచ్చి పాడారు, జనం వన్స్ మోర్ కొట్టారు, మళ్లీ పాడారు, ఇక అవి లేకుండా కాటి సీను లేకుండా పోయింది. కులం పేరుతో అవమానాలు తిన్న ఒక దళిత కవి పద్యం పౌరాణిక నాటకం నడిబొడ్డున, రాజు నోట, ఊరూరా వినబడింది. ఏ పండితుల సభా తీర్మానం చేయలేదు. ఏ అకాడమీ సిఫారసు చేయలేదు. నేల మీద కూర్చున్నవాళ్లు అరిచి సాధించారు. వాళ్లను ఆనాడు “సైలెన్స్ ప్లీజ్” అని ఉంటే మనకు ఆ కాటి సీను లేదు.

నిశ్శబ్దంగా చూడటమే నాగరికత అనుకునేవాళ్లు సాధారణంగా యూరప్ వైపు చెయ్యి చూపిస్తారు. చూద్దాం. 1786లో వియన్నాలో మోజార్ట్ ‘ఫిగారో పెళ్లి’ ఆడినప్పుడు జనం వన్స్ మోర్లతో ఎంత సాగదీశారంటే, ఒక్కరు పాడే పాటలు తప్ప మిగతావి మళ్లీ పాడించకూడదని జోసెఫ్ చక్రవర్తి ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. అంటే మోజార్టు శ్రోతలకూ మా హరిశ్చంద్ర శ్రోతలకూ పెద్ద తేడా లేదు. హాలు చీకటి చేసి, అందరి మొహాలూ వేదిక వైపు తిప్పి, గుళ్లో కూర్చున్నట్టు కూర్చోమన్నది తర్వాతి కాలం. అందులో వాగ్నర్ చెయ్యి పెద్దది, 1876లో బైరాయిట్‌లో ఆయన తెరిచిన థియేటరు పెద్ద గుర్తు. నూటయాభై ఏళ్ల అలవాటు. దానికి దాని అందం ఉంది, నేనూ చీకట్లో కూర్చుని ఆనందించినవాణ్ణే. కానీ ఒక దేశంలో ఒక కాలంలో పుట్టిన అలవాటును ప్రపంచ మర్యాద అని ఎల్లారెడ్డి అవ్వకు నేర్పించబోవడం ఎందుకు?

ఇక కామారెడ్డి సంగతి. మనలో చాలామందికి కామారెడ్డి అంటే హైవే మీద టిఫిను కోసం ఆగే ఊరు. తెలంగాణ ధూం ధాం మొదటిసారి జరిగింది అక్కడే, 2002లో. తర్వాత రసమయి బాలకిషన్ పేరుతో విడదీయలేనంతగా ముడిపడిన ఆ రూపం ఏంటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. సభ కాదు, కచేరీ కాదు, పూర్తిగా నాటకమూ కాదు. ఆట, పాట, మాట ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తూ గంటల కొద్దీ సాగే సంగీత రూపకం. మన విమర్శకులు దాన్ని రాజకీయాల ఖాతాలో వేసి వదిలేశారు. గత పాతికేళ్లలో తెలుగులో కొత్తగా పుట్టిన రంగస్థల రూపం ఏదైనా ఉందంటే నా లెక్కలో అదే, నాటకం మీద రాసేవాళ్లు దాన్ని నాటకంగా చూడకపోవడం సిగ్గుచేటు.

2002 నాటికి నేను చిన్నపిల్లాణ్ణి, నేను చూసింది 2011లో, సకల జనుల సమ్మె రోజుల్లో, ఎల్లారెడ్డిలో. బస్సుల్లేవు, జనం ట్రాక్టర్ల మీద వచ్చారు. మొదటి పాట ఎత్తుకున్నాడు గాయకుడు. జనం అందుకోలేదు. రెండు చరణాలు చూశాడు, డప్పుకు సైగ చేశాడు, అక్కడికక్కడే ఇంకో పాటలోకి దూకాడు. ఈసారి ఆడోళ్లు లేచారు, బతుకమ్మ అడుగు వేశారు, దాంతో దరువు నెమ్మదించింది. ఎందుకంటే బతుకమ్మ అడుగు ఆ వేగానికి పడదు. వేదిక మీది లయను కింద ఉన్న కాళ్లు నిర్ణయించాయి! అప్పుడు నడుమ నుంచి ఒక రైతు గట్టిగా, “సమ్మెలు సరే, కరంటు లేక మడి ఎండవట్టె, దాని మీద పాడు” అన్నాడు. సింగరేణి కూడా సమ్మెలో ఉంది, కోతలు బాగా ఉన్నాయి. అంటే ఉద్యమం వేదిక మీదికే ఉద్యమం మీది ఫిర్యాదు వచ్చింది. ఒక్క క్షణం అందరూ గమ్మున అయ్యారు. గాయకుడు నవ్వి, అదే బాణీలో ఎండిన మడి మీద నాలుగు ముక్కలు కట్టి పాడాడు. గొప్ప కవిత్వమేం కాదు. కానీ ఆ రైతు కూర్చోలేదు, చివరిదాకా నిలబడే విన్నాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 500 మందికి పైగా కళాకారులకు ప్రభుత్వం ఉద్యోగాలిచ్చింది. దీన్ని ఎద్దేవా చేసేవాళ్లలో నేను లేను. చదివింపుల మీద బతికిన ఇళ్లలోకి నెల జీతం వెళ్లడం చిన్న సంగతి కాదు. జీతమున్నవాళ్లు జీతంలేనివాళ్లకు త్యాగం గురించి చెప్పడమంత రోత ఇంకోటి లేదు. కానీ ఆటకు ఏమైందో చెప్పకుండా ఉండలేను. పాట పథకం మీదికి మారింది. నేల మీద కుర్చీలు వచ్చాయి. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు లబ్ధిదారులు అని కొత్త పేరు వచ్చింది. పింఛను పాట నడుస్తుండగా ఒక ముసలమ్మ లేచి “నాకు రాలే” అందనుకోండి. ఎండిన మడి రైతుకు జవాబిచ్చిన గొంతు ఇప్పుడు ఏం పాడాలి? అతని నోట్లో పాట ఉంది, చేతిలో నియామక పత్రం ఉంది. మరునాడు పేపర్లో మాత్రం “కళాజాతకు విశేష స్పందన” అని వస్తుంది. ప్రభుత్వాలు మారినా ఆ వాక్యం మారలేదు. ఆ “విశేష స్పందన” అనే మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు స్పందించారు? ఏమన్నారు? ఎక్కడ లేచిపోయారు? ఏదీ ఉండదు.

ఇప్పుడు నిజమైన అభ్యంతరానికి వద్దాం. నేను రొమాంటిసైజ్ చేస్తున్నానని అనేవాళ్లున్నారు. ఆ నేల మీద అందరూ సమానంగా కూర్చున్నారా? లేదు. ముందు మంచం ఎవరికో, వెనక గోడవార ఎవరు నిలబడాలో ఊరికి బాగా తెలుసు. చిందు భాగోతం మాదిగల ఆశ్రిత కులం కళ, జాంబపురాణం వాళ్లకు చెప్పడం చిందోళ్ల హక్కు. కానీ ఊరి నడుమ ఆట జరిగినప్పుడు కేక వేసే ధైర్యం అన్ని గొంతులకూ ఒక్కలా ఉండేది కాదు. చదివింపుల్లో పొగడ్త ఎవరి ఇంటిపేరుకు పడేదో కూడా చెప్పక్కర్లేదు.

ఇంకా చేదు సంగతి ఆడవాళ్లది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా జోగినీ దురాచారానికి పేరుపడ్డ జిల్లా. ఆడే ఆడదాన్ని ఊరి సొత్తు అనుకున్న నేల మీద, 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చిన చోట, “ప్రేక్షకుడి స్వేచ్ఛ” అనే మాట తేలిగ్గా వాడకూడదు. వేషం కట్టిన ఆడమనిషి మీద పడే ఈలా, జాషువా పద్యానికి పడే ఈలా ఒకటి కావు. నోటు చూపించి దగ్గరికి పిలిచేవాడు ప్రేక్షకుడు కాడు. అతన్ని బయటికి పంపాల్సిందే, టార్చిలైటు కాదు, ఇంకేమైనా సరే. కానీ అతన్ని చూపించి ముసలవ్వ నోరూ మూయిస్తామంటేనే నేను ఒప్పుకోను. చిందుల ఎల్లమ్మ మా జిల్లా మనిషే, 2005లో పోయింది. జీవితమంతా ఇట్లాంటి జనం ముందే గజ్జె కట్టింది. జనం నోరు మూతపడి ఉంటేనే ఆడమనిషి వేదిక ఎక్కగలదు అనే సిద్ధాంతానికి ఆమె బతుకే జవాబు. వేదిక మీద ఉన్న మనిషికి ఎదురు మాట అనే హక్కు ఉండాలి, ఆ హక్కుకు ఊరు తోడుండాలి. చిత్రాంగి వేషగాడు అవ్వకు ఇచ్చిన జవాబు లాంటిది. కింద నుంచి మాట రావాలి, పైనుంచీ మాట రావాలి. మనం కట్టుకున్న హాళ్లలో రెండూ లేవు.

మనం పూర్తిగా నిశ్శబ్ద సమాజమేం కాదు కూడా. ఒక రకం ప్రేక్షక స్పందనకు మాత్రం రాజ్యం వెంటనే చెవొగ్గుతుంది. కాళ్లకూరి నారాయణరావు చింతామణి నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు పెట్టిన అభ్యంతరం మీద. ఆ బాధ అబద్ధమని నేననను. సుబ్బిశెట్టిని ఏళ్ల తరబడి నటులు ఎంత దిగజార్చారో చూసినవాళ్లకు తెలుసు. కానీ చూడండి, హాల్లో లేచి “ఇది మమ్మల్ని అవమానించడం, ఆపు” అని నటుడి మొహం మీద అనగలిగే దారి మూసేశాక, ఆ మాట వినతిపత్రమై సచివాలయానికి పోయింది, అక్కణ్ణుంచి జీవో అయి తిరిగొచ్చింది. వేదిక దగ్గర ఐదు నిమిషాల్లో తేలాల్సిన తగవు నాటకం ఉనికి మీదికి వచ్చింది. నోరు మూయించిన ప్రేక్షకుడు ఊరికే పోడు, సంతకాలు సేకరిస్తాడు.

ఇదంతా పాత కళలను కాపాడమనే గోడు కాదు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం సంతోషించాం, స్టేటస్‌లు పెట్టాం. కాపాడటం అంటే ఆయన ఫోటో పెట్టుకోవడం అయితే ఆ పని అయిపోయింది. ఆయన ఆటను ఆటగా నిలబెట్టిన జనాన్ని ఏ అవార్డు కమిటీ గుర్తిస్తుంది? ఆ జనం సిటీకి వలసొచ్చి అపార్టుమెంట్ల కింద వాచ్‌మెన్ గదుల్లో ఉన్నారు, బీడీలు చుడుతూ కామారెడ్డిలోనూ ఉన్నారు. మన నాటకాలకు వాళ్లు రారు. వస్తే ఎట్లా కూర్చోవాలో మనం నేర్పిస్తాం.

కాబట్టి కొత్త పాటల నాటకాలు కడుతున్న మిత్రులకు నా గొడవ ఇది. స్క్రిప్టు బిగించేసి, లైటింగ్ క్యూలు ల్యాప్‌టాప్‌లో పెట్టేసి, ఇక ఒక్క క్షణం అటూ ఇటూ జరగడానికి వీల్లేదంటే, మీ డప్పు రికార్డు చేసిన డప్పు కంటే ఎందులో ఎక్కువ? వంత అందుకునే చోటు ఒకటి వదలండి. హాలు లైట్లు సగమైనా వెలగనివ్వండి, జనం మొహాలు మీకు కనబడాలి. వన్స్ మోర్ అంటే పాడాలా వద్దా అనేది పాడేవాళ్లకే వదిలేయండి, డైరెక్టరు సౌండు బూత్‌లోంచి తల అడ్డంగా ఊపడం మానాలి. సమీక్షలు రాసేవాళ్లు నటన, సంగీతం, ఆహార్యం అని మార్కులు వేసే ముందు ఏ పాట దగ్గర ఎవరు నవ్వారు, ఎవరు లేచి పోయారు, మీ పక్కన కూర్చున్న మనిషి ఏమన్నాడో రాయండి.

ఆ నాటకాన్నే మా దిక్కు తీసుకురండి. కామారెడ్డితో ఆగొద్దు, ఎల్లారెడ్డిదాకా రండి. డిసెంబరులో వడ్లు అమ్ముడయ్యాక అయితే జనం దగ్గర కొంచెం తీరికా, కొంచెం పైసలూ ఉంటాయి. పది దాటాక మొదలుపెట్టండి, అంతకుముందు ఎవరూ రారు, సీరియళ్లు ఉంటాయి. కుర్చీలు వేయొద్దు, సంచులు పరుచుకుంటాం. చిత్రాంగి లాంటి పాత్ర ఉంటే ఆ వేషం వేసేవాళ్లకు నోరు కాస్త గట్టిగా ఉండేలా చూసుకోండి.